రాసిన చోటు, వాడిన చోటు, దిద్దే చోటు: మాక్రోలు విప్పాక కూడా టోకెన్ల స్థానం తప్పిపోని ప్రీప్రాసెసర్ రాయడం ఎలా

కంపైలర్ ఐదో లైన్లో తప్పుందంటుంది. వెళ్లి చూస్తే అక్కడ ఒక మాక్రో పేరు, బ్రాకెట్లు తప్ప ఏమీ ఉండవు. అసలు తప్పు ఎక్కడో హెడర్ ఫైల్లో, ఇంకో మాక్రో లోపల కూర్చుని ఉంటుంది. మంచి కంపైలర్ ఈ రెండు చోట్లనూ చూపిస్తుంది. సొంతంగా కంపైలర్ రాసుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. విశాఖలో ఫైనలియర్ ప్రాజెక్టుకు చిన్న సి కంపైలర్ మొదలుపెట్టినవాళ్లకూ, రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో ఎంబెడెడ్ కోడ్‌కు లింటర్లు (కోడ్‌లో తప్పులు వెతికే టూళ్లు), రీనేమ్ టూళ్లు రాస్తున్నవాళ్లకూ ఈ మార్గదర్శి పనికొస్తుంది. సి మాక్రోలు వాడిన అనుభవం ఉంటే చాలు.

ముందే గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. టోకెన్ (పేరు, సంఖ్య, గుర్తు లాంటి కోడ్ ముక్క) పుట్టినప్పుడే దాని స్థానం కూడా పుట్టాలి. ప్రీప్రాసెసింగ్ అంతా అయ్యాక "ఇది ఎక్కడి నుంచి వచ్చింది" అని వెనక్కి వెతికితే దొరకదు, ఎందుకంటే ఆ సమాచారం అప్పటికే పోయి ఉంటుంది.

పని మొత్తం ఈ నమూనా మీదే చేద్దాం. పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. ఇవి సి భాషలో చెల్లే పేర్లే, జీసీసీ కంపైలర్ 10వ వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 పేర్లను నేరుగా ఒప్పుకుంటోంది. డైరెక్టివ్ (#డిఫైన్) మాటను మాత్రం మీ ఫైల్లో సి నిర్దేశించిన అక్షరాల్లోనే టైప్ చేయాలి.

1: #డిఫైన్ కనీసం 10
2: #డిఫైన్ రెట్టింపు(క) ((క) + (క))
3: #డిఫైన్ చార్జీ(దూరం) (కనీసం + రెట్టింపు(దూరం))
4:
5: మొత్తం = చార్జీ(మజిలీలు);

ఐదో లైన్ ఒక ఫంక్షన్ లోపలి వాక్యం అనుకోండి. విప్పితే ఇలా వస్తుంది:

మొత్తం = (10 + ((మజిలీలు) + (మజిలీలు)));

ఇందులో 16 టోకెన్లున్నాయి. ఐదో లైన్ నుంచి వచ్చినవి 5, మూడో లైన్ నుంచి 3, రెండో లైన్ నుంచి 7, ఒకటో లైన్ నుంచి 1. చూడటానికి ఒకే వరుస, ఊళ్లు మాత్రం నాలుగు. ప్రతి టోకెన్‌కూ "లైన్ 5" అని ముద్ర కొట్టేస్తే 11 టోకెన్ల విషయంలో అబద్ధం చెప్పినట్టే. పోనీ రాసిన లైన్‌ను మాత్రమే పెట్టుకుంటే, ప్రోగ్రామర్ ఏ లైన్ రాస్తే ఈ తప్పు బయటపడిందో చెప్పలేం. దరఖాస్తు ఫారంలో శాశ్వత చిరునామా, ప్రస్తుత చిరునామా వేర్వేరుగా అడిగినట్టే టోకెన్‌కూ రెండు కావాలి: రాసిన చోటు, వాడిన చోటు.

మొదటి మెట్టు: స్థానం అంటే ఒకే ఒక్క సంఖ్య

టోకెన్‌లో ఫైల్ పేరు, లైన్, కాలమ్ అని మూడు ఫీల్డులు పెట్టొద్దు. ఒక 32 బిట్ల సంఖ్య చాలు. జాతీయ రహదారి 16 మీద కిలోమీటరు రాయి చెప్పేది ఒక్క సంఖ్యే. ఆ రాయి గాజువాకలో ఉందా, మధురవాడలో ఉందా, తగరపువలసలో ఉందా అన్నది ఏ ఊరు ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలవుతుందో చూపే పట్టికతో తేలిపోతుంది. ఇక్కడా అంతే. చదివిన ప్రతి ఫైల్‌నూ ఒక పొడవాటి ఊహా రోడ్డు మీద వరుసగా పేర్చండి.

0ను "స్థానం లేదు" అనడానికి వదిలేయండి. మొదటి ఫైల్ 1,200 బైట్లయితే దాని ఆరంభం 1, చివరి స్థానం 1201. పొడవుకు ఒకటి కలిపి కేటాయించాలి. ఫైల్ ముగిసిన చోటుకూ సొంత స్థానం ఉండాలి, లేకపోతే "బ్రాకెట్ మూయకుండానే ఫైల్ అయిపోయింది" అనే ఎర్రర్ పక్క ఫైల్ మొదటి అక్షరం మీద పడుతుంది. రెండో ఫైల్ 350 బైట్లయితే 1202 నుంచి 1552 దాకా, మూడోది 1553 నుంచి.

ఇప్పుడు 1300 ఎక్కడిది? పట్టికలో బైనరీ సెర్చ్ చేస్తే రెండో ఫైల్ అని తేలుతుంది, ఆఫ్‌సెట్ (ఫైల్ మొదటి నుంచి దూరం) 98. ఆ ఫైల్లో లైన్లు 0, 31, 77, 120 ఆఫ్‌సెట్ల దగ్గర మొదలైతే 98 మూడో లైన్లో పడుతుంది. కాలమ్ 98 − 77 + 1 = 22. లైన్ల పట్టికను ఆ ఫైల్లో మొదటి ఎర్రర్ వచ్చినప్పుడు కట్టుకుంటే సరిపోతుంది. తప్పుల్లేని ఫైల్‌కు ఆ శ్రమే అక్కర్లేదు.

ఫైల్ ఎంట్రీలో ఇంకో ఫీల్డ్ ఉంచండి: ఈ ఫైల్‌ను ఏ స్థానం దగ్గర ఇన్‌క్లూడ్ చేశారు. ఒకే హెడర్ రెండుసార్లు వస్తే బఫర్ (మెమరీలోకి చదివిన ఫైల్ పాఠం) ఒకటే వాడుకోవచ్చు గానీ ఎంట్రీలు మాత్రం రెండు ఉండాలి. మొదటిసారి ఒక మాక్రో విలువతో, రెండోసారి వేరే విలువతో అదే హెడర్‌ను చదివించే పద్ధతి సి కోడ్‌లో బాగా వాడుకలో ఉంది. ఎంట్రీ ఒకటే అయితే ఏ విడత చదివినప్పుడు తప్పు వచ్చిందో చెప్పలేరు.

క్లాంగ్ కంపైలర్ చేసేది ఇంచుమించు ఇదే. దాని సోర్స్ లొకేషన్ 32 బిట్లు. పై బిట్ "ఇది మాక్రో నుంచి వచ్చింది" అని చెబుతుంది, మిగతా 31 బిట్లు ఆఫ్‌సెట్.

రెండో మెట్టు: బఫర్‌ను ముట్టుకోవద్దు

సి స్టాండర్డ్ అనువాదాన్ని 8 దశలుగా చెబుతుంది. రెండో దశలో లైన్ చివరి బ్యాక్‌స్లాష్ పక్క లైన్‌ను కలిపేస్తుంది. మూడో దశలో టోకెన్లు విడిపోతాయి, ప్రతి కామెంటూ ఒక ఖాళీగా మారుతుంది. మాక్రోలు విప్పేది నాలుగో దశలో. పుస్తకంలో దశలుగా ఉంది కదా అని చాలామంది మొదటి మూడింటికీ ఫైల్ పాఠాన్నే మార్చేస్తూ పోతారు: బ్యాక్‌స్లాష్‌లు తీసేయడం, కామెంట్లు చెరిపేయడం, విండోస్ లైన్ ముగింపులను మార్చేయడం. అప్పుడే ఆఫ్‌సెట్లన్నీ జరిగిపోతాయి. తర్వాత ఎన్ని సవరణ లెక్కలు వేసినా ఎక్కడో ఒక చోట ఒకటి తేడా వస్తూనే ఉంటుంది.

బఫర్‌ను డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టు ఉంచండి. టోకెన్‌లో ఆరంభ స్థానం, బఫర్‌లో అది ఆక్రమించిన ముడి పొడవు, "దీన్ని శుభ్రం చేయాలి" అనే జెండా పెట్టండి. మజిలీలు అనే పేరు మధ్యలో బ్యాక్‌స్లాష్, కొత్త లైన్ వచ్చాయనుకోండి. పేరు 21 బైట్లే అయినా ముడి పొడవు 23, విండోస్ ఫైల్ అయితే 24. జెండా లేని టోకెన్లే ఎక్కువ కాబట్టి వాటికి పాఠం నేరుగా బఫర్ నుంచే తీసుకోవచ్చు.

స్ట్రింగ్ లోపలి స్థానాలు ఇంకాస్త జాగ్రత్త కోరతాయి. ప్రింట్ఎఫ్ ఫార్మాట్‌లో మూడో శాతం గుర్తు తప్పని చెప్పాలంటే, శుభ్రం చేసిన పాఠంలో ఎన్నో అక్షరమో తెలిస్తే చాలదు. ముడి పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ చదువుతూ, బ్యాక్‌స్లాష్ కలుపుళ్లను దాటుకుంటూ లెక్కించాలి. నెమ్మదైన పనే, అయినా ఎర్రర్ వచ్చినప్పుడే చేస్తాం కాబట్టి ఫరవాలేదు.

ఫైల్ మొదట్లో 3 బైట్ల బీఓఎం (ఎన్‌కోడింగ్‌ను చెప్పే గుర్తు) ఉంటే దాన్ని లెక్సర్ (టోకెన్లు విడదీసే భాగం) దాటేయాలి, ఆఫ్‌సెట్ లెక్కలో మాత్రం ఉంచాలి. మొదటి లైన్ కాలమ్ ముద్రించేటప్పుడు 3 తీసేయండి.

తెలుగు పేర్లు ఉన్నప్పుడు కాలమ్ అంటే ఏది?

మెట్ల వరుసకు ఇది కాస్త పక్కదే. కానీ ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించిన టూళ్లు మన దగ్గర కూలిపోయేది ఇక్కడే కాబట్టి వివరంగా చూడాలి.

ఐదో లైన్లో మజిలీలు ఎన్నో కాలమ్‌లో మొదలవుతుంది? మొత్తం అనే మాటలో 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్ విడిగా సంఖ్య ఇచ్చిన గుర్తులు): మ, ఒత్వం, త, పొల్లు, త, సున్న. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, కాబట్టి 18 బైట్లు. ఖాళీ, సమాన గుర్తు, ఖాళీ కలిపి 3. చార్జీ కూడా 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు. బ్రాకెట్ 1. మొత్తం 40 బైట్లు దాటాక మజిలీలు మొదలవుతుంది. అంటే బైట్ల లెక్కలో 41వ కాలమ్, కోడ్ పాయింట్ల లెక్కలో 17వ కాలమ్. కంటికి కనిపించే అక్షరాల లెక్కలో మొ, త్తం, ఖాళీ, =, ఖాళీ, చా, ర్జీ, బ్రాకెట్ దాటాక తొమ్మిదోది. ఒకే చోటుకు 41, 17, 9 అని మూడు సంఖ్యలు, మూడూ నిజమే.

అందుకే లోపల ఎప్పుడూ బైట్ ఆఫ్‌సెటే ఉంచండి, బయటికి ఇచ్చేటప్పుడు అడిగినవాళ్ల భాషలోకి మార్చండి. ఎడిటర్లు వాడే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో, 0 నుంచి లెక్కిస్తుంది, కాబట్టి దానికి 16 పంపాలి. 2022లో వచ్చిన 3.17 వెర్షన్ నుంచి ఎడిటర్, సర్వర్ కలిసి వేరే ఎన్‌కోడింగ్ ఎంచుకునే వీలుంది. లైన్లో ఇమోజీ ఉంటే అది 1 కోడ్ పాయింట్, యూటీఎఫ్-16లో 2 యూనిట్లు, యూటీఎఫ్-8లో 4 బైట్లు. తెలుగుకు కోడ్ పాయింట్లూ యూటీఎఫ్-16 యూనిట్లూ సమానమే కదా అని మార్పిడి ఎగ్గొడితే ఆ లైన్లో బయటపడుతుంది. జీసీసీ 11 నుంచి తెర మీది వెడల్పును కాలమ్‌గా చెబుతోంది, ట్యాబ్‌ను 8 స్థానాలుగా లెక్కిస్తోంది. బైట్లు కావాలంటే ఆప్షన్ ఇచ్చి అడగాలి. కంపైలర్ ఎర్రర్లను చదివే స్క్రిప్ట్ ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

కనిపించే అక్షరాల లెక్కను నమ్ముకోవద్దు. త్తం ఒకే గుచ్ఛం (ఒకే అక్షరంగా లెక్కించే కోడ్ పాయింట్ల గుంపు) అని యూనికోడ్ 15.1 నియమాలు అంటాయి, పాత నియమాల్లో అది రెండు ముక్కలు. టెర్మినళ్లు ఇంకో రకంగా చూపిస్తాయి. ఎర్రర్ కింద బాణం గుర్తు పెట్టినా తెలుగు లైన్ కింద అది సరిగ్గా నిలబడుతుందన్న హామీ లేదు. కాబట్టి సందేశంలోనే టోకెన్ పాఠాన్ని కోట్స్‌లో ముద్రించండి.

ఇంకో చిక్కు ఐత్వం. ై గుర్తును ఒకే కోడ్ పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు ముక్క అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. మైలు అనే పేరు మొదటి పద్ధతిలో 12 బైట్లు, రెండో పద్ధతిలో 15. రెండూ ఒకే పేరని గుర్తించాలంటే నార్మలైజ్ చేయాలి (రెండింటినీ ఒకే రూపంలోకి తేవాలి), అది పేర్ల పట్టికలో వెతికే తాళంచెవికే చేయాలి. బఫర్‌ను నార్మలైజ్ చేస్తే ఆ ఐత్వం తర్వాత ఫైల్ చివరిదాకా ప్రతి ఆఫ్‌సెట్టూ 3 బైట్లు జరుగుతుంది. సి23 స్టాండర్డ్ పేర్లు ఎన్ఎఫ్‌సీ (కలిపి రాసిన) రూపంలో ఉండాలంటోంది కాబట్టి విడిరూపం కనిపిస్తే హెచ్చరిక ఇవ్వండి.

మూడో మెట్టు: మాక్రో విప్పినప్పుడు కొత్త రోడ్డు వేయడం

మాక్రోను నిర్వచించినప్పుడు దాని ఒంట్లోని (పేరు బదులు వచ్చే పాఠంలోని) టోకెన్లను ఫైల్లోని స్థానాలతో దాచుకుంటాం. విప్పిన ప్రతిసారీ అదే ఊహా రోడ్డు చివర కొత్త స్థలం కేటాయిస్తాం. ఈ ఎంట్రీలు రెండు రకాలు.

ఒంటి ఎంట్రీ మాక్రో మొత్తం ఒంటికి ఒకటి. అందులో రెండు సంగతులుంటాయి: రాసిన చోటు (నిర్వచనంలో ఒళ్లు మొదలైన స్థానం), వాడిన చోటు (మాక్రో పేరు నుంచి మూసే బ్రాకెట్ దాకా రెండు స్థానాలు). ఒంటిలో టోకెన్ ఎన్ని బైట్ల దూరంలో ఉందో ఎంట్రీలోనూ అంతే దూరంలో ఉంటుంది, కాబట్టి టోకెన్‌కో ఎంట్రీ అక్కర్లేదు. ఆర్గ్యుమెంట్ ఎంట్రీ అలా కాదు. పారామీటర్ ఒంటిలో కనిపించిన ప్రతిసారీ ఒకటి పుడుతుంది. దానికి రాసిన చోటు పిలుపులో ఆర్గ్యుమెంట్ ఉన్న స్థానం, వాడిన చోటు ఒంటి ఎంట్రీలో ఆ పారామీటర్ ఉన్న స్థానం. ఏ రకమో చెప్పే బిట్ ఎంట్రీలో తప్పకుండా ఉండాలి.

మన నమూనాను చేత్తో నడుపుదాం. రోడ్డు మీద తర్వాతి ఖాళీ స్థానం 4000 అనుకోండి.

చార్జీ ఒళ్లు 61 బైట్లు, దానికి 4000 నుంచి (ఇక్కడా పొడవుకు ఒకటి కలిపే కేటాయిస్తాం). అందులో కనీసం 4001 దగ్గర, రెట్టింపు 4019 దగ్గర, దూరం 4047 దగ్గర, రెట్టింపును మూసే బ్రాకెట్ 4059 దగ్గర పడతాయి. దూరం బదులు వచ్చే మజిలీలుకు ఆర్గ్యుమెంట్ ఎంట్రీ 4062 నుంచి: రాసిన చోటు ఐదో లైన్, వాడిన చోటు 4047. ఇక మళ్లీ చదవడం మొదలవుతుంది. కనీసం కనిపించింది, దాని ఒళ్లు 2 బైట్లు, 4084 నుంచి, వాడిన చోటు 4001. తర్వాత రెట్టింపు. దాని ఒళ్లు 15 బైట్లు, 4087 నుంచి, వాడిన చోటు 4019 నుంచి 4059 దాకా. అందులో కూడిక గుర్తు ఏడు బైట్ల దూరంలో ఉంది కాబట్టి 4094. రెండు క లు 4089, 4097 దగ్గర. వాటి స్థానంలో వచ్చే రెండు మజిలీలుకు రెండు ఆర్గ్యుమెంట్ ఎంట్రీలు, 4103 నుంచి ఒకటి, 4125 నుంచి ఒకటి. రెండింటికీ రాసిన చోటు 4062. వాడిన చోటు మొదటిదానికి 4089, రెండోదానికి 4097.

తర్వాతి ఖాళీ స్థానం 4147. ఒక్క చిన్న పిలుపుకు 147 స్థానాలు ఖర్చయ్యాయి. ఎంట్రీలు ఎప్పుడూ పెరిగే వరుసలోనే పుడతాయి కాబట్టి పట్టికను విడిగా సార్ట్ చేసే పని లేదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆర్గ్యుమెంట్లను ఒంటిలో పెట్టే ముందే పూర్తిగా విప్పాలన్నది నియమం (స్ట్రింగ్‌గా మార్చే, అతికించే గుర్తుల పక్కన ఉన్నవి తప్ప). అలా విప్పిన టోకెన్లకు అప్పటికే మాక్రో స్థానాలుంటాయి. వాటిని "ఇదివరకే స్థానం ఉందిలే" అని అలాగే వదిలేస్తే ఈ విడత వాడకం గొలుసులోంచి జారిపోతుంది. పాత స్థానం మీద కొత్త ఎంట్రీ తొడగాలి. 4062 మీద 4103నూ, 4125నూ తొడిగింది అందుకే.

నాలుగో మెట్టు: మూడు ప్రశ్నలు

పట్టిక ఉన్నాక మూడు చిన్న ఫంక్షన్లు రాయాలి. మూడూ లూపులే. స్థానం ఫైల్లోకి దిగేదాకా తిరుగుతాయి.

రాసిన చోటు: ప్రతి ఎంట్రీలోనూ రాసిన చోటు దారి పట్టుకోవాలి. 4125 నుంచి 4062, అక్కడి నుంచి ఐదో లైన్, బైట్ కాలమ్ 41. కూడిక గుర్తు 4094 అయితే నేరుగా రెండో లైన్.

వాడిన చోటు: ప్రతి ఎంట్రీలోనూ వాడిన చోటు దారి. 4125 నుంచి 4097, దాని నుంచి 4019, దాని నుంచి ఐదో లైన్లో చార్జీ అనే మాట, బైట్ కాలమ్ 22. కూడిక గుర్తుకూ ఇదే జవాబు. ఒక పై స్థాయి పిలుపు నుంచి వచ్చిన టోకెన్లన్నిటికీ వాడిన చోటు ఒకటే.

దిద్దే చోటు: ఆర్గ్యుమెంట్ ఎంట్రీ అయితే రాసిన చోటుకు, ఒంటి ఎంట్రీ అయితే వాడిన చోటుకు. మజిలీలుకు కాలమ్ 41, కూడిక గుర్తుకు కాలమ్ 22 వస్తాయి. ప్రోగ్రామర్ తన కోడ్‌లో చెయ్యి పెట్టాల్సిన చోటు ఇదే. ఆ రకం చెప్పే బిట్ పెట్టకపోతే ఈ ప్రశ్నకు జవాబే లేదు.

మజిలీలు డిక్లేర్ చేయలేదని చెప్పాలంటే దిద్దే చోటు చూపండి. తప్పు మాక్రో ఒంటిలోనే ఉంటే క్లాంగ్ ముందు దిద్దే చోటు చూపించి, కింద "ఫలానా మాక్రో నుంచి" అని నోట్లు వేస్తుంది. జీసీసీ ముందు రాసిన చోటు చూపించి తర్వాత వాడిన చోట్లు చెబుతుంది. సొంత మాక్రోలు రాసేవాళ్లకు జీసీసీ పద్ధతి సుఖం. ఇతరుల లైబ్రరీ మాక్రోలు వాడేవాళ్లకు క్లాంగ్‌దే మేలు, మనం మార్చలేని హెడర్‌ను మొదట చూపిస్తే ఉపయోగం తక్కువ. కొత్తగా రాసేవాళ్లు క్లాంగ్ దారిలో వెళ్లమని మా సలహా.

డీబగర్‌కు ఇచ్చే లైన్, __లైన్__ విలువ వాడిన చోటు నుంచే తీయాలి. పిలుపు నాలుగు లైన్ల మీద పరుచుకుంటే __లైన్__ మొదటి లైనా, చివరి లైనా అన్న దాంట్లో కంపైలర్ల మధ్య తేడాలున్నాయి. దాని మీద ఆధారపడే టెస్టులు రాయకండి. మాక్రో ఒంటిలో పది స్టేట్‌మెంట్లున్నా డీబగర్ ఒకే లైన్ మీద నిలబడటానికి కారణం కూడా ఇదే. జీసీసీలో -జి3 ఇచ్చి కంపైల్ చేస్తే మాక్రో నిర్వచనాలు డీబగ్ సమాచారంలోకి వెళ్తాయి, జీడీబీ డీబగర్‌లో మాక్రోను విప్పి చూడొచ్చు.

రీనేమ్ టూల్‌కు రాసిన చోటే కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. రెండు మజిలీలు ఒకే రాసిన చోటుకు వెళ్తాయి. టోకెన్‌కు ఒక సవరణ చొప్పున వేస్తే అదే చోట రెండుసార్లు మార్పు పడి పేరు పాడవుతుంది. సవరణలను రాసిన చోటు ఆధారంగా ఒక్కటిగా కుదించాకే ఫైల్ మీద వేయాలి.

ఐదో మెట్టు: అతికించిన టోకెన్లు

విశాఖ పోర్టులో తూర్పు క్వే బెర్తులను ఈక్యూ అక్షరాలకు అంకె చేర్చి పిలుస్తారు. అలాంటి పేర్లు తయారుచేసే మాక్రో చూడండి:

#డిఫైన్ బెర్తు(క్వే, సంఖ్య) క్వే ## _ ## సంఖ్య

బెర్తు(ఈక్యూ, 7) అంటే ఈక్యూ_7 వస్తుంది. ఆ పాఠం ఏ ఫైల్లోనూ ఎవరూ రాయలేదు, కాబట్టి దానికి రాసిన చోటు లేదు. దీనికి ఒక చిత్తు బఫర్ పెట్టుకోండి. అతికించిన పాఠాన్ని, స్ట్రింగ్‌గా మార్చిన పాఠాన్ని అందులో రాసి, రాసిన చోటును ఆ బఫర్‌లోకి, వాడిన చోటును ఎడమ టోకెన్ నుంచి కుడి టోకెన్ దాకా పెట్టండి. క్లాంగ్ ఎర్రర్లలో "స్క్రాచ్ స్పేస్" అని కనిపించేది ఇదే.

అతికించిన తర్వాత తల్లి టోకెన్ల స్థానాలను చాలామంది పారేస్తారు. ఉంచండి. ఈక్యూ_7 అనే వేరియబుల్ పేరు మార్చమంటే టూల్ ఈ ఒక్క టోకెన్ దగ్గర ఆగి "ఇది మూడు ముక్కలతో తయారైంది, నేను మార్చలేను, ఆ ముక్కలు ఇక్కడున్నాయి" అని చెప్పగలగాలి. నోరుమూసుకుని వదిలేస్తే కోడ్ కంపైల్ కాదు. తప్పుగా మారిస్తే అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే అదే ఈక్యూ ముక్క మిగతా బెర్తుల్లోనూ ఉంది.

లైన్ డైరెక్టివ్, ప్రీప్రాసెస్ చేసిన ఫైళ్లు

లైన్ డైరెక్టివ్ వచ్చినప్పుడు అసలు స్థానాన్ని మార్చొద్దు. "ఈ ఆఫ్‌సెట్ నుంచి ఫలానా ఫైల్, ఫలానా లైన్ అని చెప్పుకోవాలి" అనే రెండో పట్టిక పైన కప్పండి. మనిషికి చెప్పేటప్పుడు దాన్ని చూడండి, సవరణలకు మాత్రం అసలుదే.

-ఈ (ఇంగ్లిష్ అక్షరం) ఆప్షన్‌తో ప్రీప్రాసెస్ చేసి ఫైల్లో దాచి తర్వాత కంపైల్ చేసే పద్ధతిలో గొలుసంతా తెగిపోతుంది. లైన్ గుర్తుల్లో ఫైల్ పేరు, లైన్ నంబర్, ఫైల్లోకి వెళ్తున్నామని 1, తిరిగొచ్చామని 2, సిస్టమ్ హెడర్ అని 3 ఉంటాయి తప్ప కాలమ్ ఉండదు, మాక్రో చరిత్ర అసలే ఉండదు. -పీ ఇస్తే ఆ గుర్తులు కూడా పోతాయి. తప్పనిసరిగా ఒకే ఫైల్ చేయాల్సి వస్తే క్లాంగ్‌లో -ఎఫ్‌రీరైట్-ఇన్‌క్లూడ్స్ వాడండి. అది హెడర్లను లోపలికి తెస్తుంది గానీ మాక్రోలను విప్పదు.

రోడ్డు అయిపోతే

31 బిట్లంటే 2,147,483,648 స్థానాలు. చాలా ఎక్కువనిపిస్తుంది. ఆర్గ్యుమెంట్‌ను రెండుసార్లు వాడే మాక్రోను 20 అంచెలు పేర్చితే ఒక టోకెన్ 10,48,576 అవుతుంది, ప్రతి అంచెలోనూ ఎంట్రీలు పుడతాయి. పెద్ద ప్రాజెక్టుల్లో ఇది నిజంగా జరుగుతుంది. క్లాంగ్ స్థానాలు అయిపోయాయని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. జీసీసీ ఒక హద్దు దాటాక కాలమ్‌లను వదిలేసి లైన్లతో నెట్టుకొస్తుంది. జీసీసీ 15 నుంచి స్థానాన్ని 64 బిట్లకు పెంచారు. చిన్న ప్రాజెక్టుకు 64 బిట్లతో మొదలుపెట్టడమే తేలిక. 32తోనే ఉండాలంటే ఆర్గ్యుమెంట్లో పక్కపక్కనే ఉన్న ఫైల్ టోకెన్లన్నిటికీ కలిపి ఒకే ఎంట్రీ ఇవ్వండి.

జీసీసీలో -ఎఫ్‌ట్రాక్-మాక్రో-ఎక్స్‌పాన్షన్ 4.8 నుంచి 2వ స్థాయిలో దానంతటదే నడుస్తోంది. 0 ఇచ్చి అదే తప్పును మళ్లీ కంపైల్ చేస్తే ఈ గొలుసు లేనప్పుడు సందేశం ఎంత దరిద్రంగా ఉంటుందో ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఆరో మెట్టు: పరీక్షలు

ప్రతి టోకెన్‌కూ రాసిన చోటుకు వెళ్లి, ముడి పొడవు మేర బఫర్ చదివి, శుభ్రం చేస్తే టోకెన్ పాఠమే రావాలి. ఈ ఒక్క పరీక్షను ప్రతి కంపైల్‌లోనూ డీబగ్ బిల్డ్‌లో నడపండి. స్థానాల తప్పుల్లో ఎక్కువ భాగం దీనికే దొరికిపోతాయి. ఇన్‌పుట్‌లుగా బ్యాక్‌స్లాష్‌తో విరిగిన పేరు, విండోస్ లైన్ ముగింపులు, బీఓఎం, మాక్రో పేరుకూ బ్రాకెట్‌కూ మధ్య కామెంట్, ఖాళీ ఆర్గ్యుమెంట్, మూడు లైన్ల పిలుపు, విడిరూప ఐత్వం ఇవ్వండి.

చివరగా అన్నిటికన్నా మొండి ఉదాహరణ:

#డిఫైన్ ఎఫ్(అ) అ*జి
#డిఫైన్ జి(అ) ఎఫ్(అ)
ఎఫ్(2)(9)

ఎఫ్(2) విప్పితే 2*జి వస్తుంది. ఆ జి పక్కన ఫైల్లో (9) ఉంది కాబట్టి అది కొత్త పిలుపవుతుంది. ఇక్కడ ఫలితం 2*9*జి కావచ్చు, 2*ఎఫ్(9) కావచ్చు అని సి స్టాండర్డే వదిలేసింది. మన చిక్కు వేరు. జి పిలుపు మొదలయ్యేది ఎఫ్ ఒంటి ఎంట్రీలో, ముగిసేది ఫైల్లో. వాడిన చోటుకు మొదలు ఒక ఎంట్రీలో, చివర ఇంకో చోట ఉన్న పరిధిని అలాగే దాచితే, చివర నుంచి మొదలు తీసేసి పొడవు లెక్కించే కోడ్‌కు అర్థంలేని సంఖ్య వస్తుంది, ఎర్రర్ ముద్రించేటప్పుడు ప్రోగ్రామే కూలిపోతుంది. మొదలునూ చివరనూ ఒక్కో అంచె పైకి ఎక్కిస్తూ రెండూ ఒకే ఎంట్రీలో కలిసే దాకా వెళ్లండి. ఇక్కడ రెండూ ఫైల్లో కలుస్తాయి: మొదలు ఎఫ్, చివర 9 తర్వాతి బ్రాకెట్. మళ్లీ విప్పకూడదని ఆపే మాక్రో పేర్ల జాబితా అయిన హైడ్ సెట్‌ను మాత్రం టోకెన్‌లోనే విడిగా ఉంచండి. స్థానాల గొలుసు నుంచి దాన్ని రాబట్టాలని చూస్తే సరిగ్గా ఈ ఉదాహరణ దగ్గరే రెండూ విడిపోతాయి.